కృపమ్మ చెప్పిన లెక్క

మేడ్చల్ స్టేషను వెనక వెంకటనర్సయ్య సేటు సోడా కంపెనీలో సీసాలు కడిగే కృపమ్మకు వాయువుల సూత్రాలు తెలుసంటే నమ్మేవాళ్ళు తక్కువ. నమ్మినవాళ్ళలో మొదటిది ఆమె చెల్లెలు మార్తమ్మ. అలా నమ్మినందుకే మార్తమ్మకు కుడికన్ను పోయింది.

కృపమ్మది శామీర్‌పేట. తండ్రి లచ్చయ్య చెరువు కింద దొర పొలాల్లో కూలి. ఊరి చివర ప్రార్థన మందిరంలో పాదిరిగారు నడిపిన బడిలో ఆమె నాలుగో తరగతి దాకా చదివింది. లెక్కలంటే ఆమెకు ఆట. పదిహేనో ఏట, సికిందరాబాదులో ఒక ఆడపిల్లల హైస్కూల్లో తోటమాలిగా ఉన్న ఇస్సాకుకిచ్చి పెళ్ళి చేశారు. నాలుగేళ్ళు తిరక్కుండానే కలరా వచ్చి ఇస్సాకు పోయాడు. పిల్లలు లేరు. బడివాళ్ళు జాలిపడి ఆమెను సైన్సు గదిలో ఆయాగా పెట్టుకున్నారు. అది 1931.

గాజు గొట్టాలు కడగాలి. స్పిరిటు దీపాలు నింపాలి. పాదరసం చుక్కలు బల్లకింద పడి దొర్లిపోతే కాగితం మడతతో ఒక్కొక్కటే పట్టుకుని సీసాలో వెయ్యాలి. గది పక్క వరండాలోనే గంట వేలాడుతుండేది కనక ఆ పనీ ఆమెదే. పీరియడు ముగియబోయే ముందు ఆఫీసు గదికి వెళ్ళి గడియారం చూసుకుని, ముల్లు సరిగ్గా గీత మీదికి రాగానే వచ్చి కొట్టాలి. అయిదు నిమిషాల పని. తక్కిన సేపంతా గుమ్మం పక్కన పీట వేసుకుని కూర్చునేది, టీచరుకు ఏది కావాలంటే అది అందించడానికి.

టీచరు పేరు ఎలీషమ్మ. ఒంగోలు వైపు మనిషి. పుస్తకం ఇంగ్లీషులో ఉన్నా, ఆవిడ ప్రతి పాఠం తెలుగులో విడమరిచి చెప్పేది. వాయువుల పాఠం ఏటా దసరా సెలవుల తరువాత వచ్చేది. ఒక కొస మూసి, ఒక కొస తెరిచి ఉన్న వంకర గొట్టంలో పాదరసం పోసేది. మూసిన కొసలో ఇరుక్కున్న గాలి, పాదరసం పోసినకొద్దీ కుంచించుకుపోయేది.

"చూడండి పిల్లలూ, గాలి ఎక్కడికీ పారిపోలేదు. ఇరుక్కుంది, అంతే. దానికిచ్చిన చోటు సగమైతే అది తోసే తోపు రెండింతలవుతుంది."

ఆ మాట కృపమ్మకు మొదటి ఏడే అర్థమైంది. ఒకే గదిలో రెండు కుటుంబాలు కాపురముంటే ఎలా ఉంటుందో ఆమె చూసిందే. అర్థం కానిది వేడి సంగతి. ఇరవై డిగ్రీల వేడి నలభై అయితే వాయువు ఒత్తిడి ఎంతవుతుందని టీచరు అడిగేది. రెండింతలని పిల్లలు ముక్తకంఠంతో అరిచేవాళ్ళు. గుమ్మం దగ్గర కృపమ్మ కూడా మనసులో అదే అనుకునేది.

"తప్పు," అనేది ఎలీషమ్మ టీచరు. "మంచు కరిగేచోట సున్నా అని పెట్టుకున్నది మనం. వాయువుకు మన సున్నాతో పనేముంది? దాని సున్నా ఇంకా రెండువందల డెబ్బైమూడు మెట్లు కిందుంది. అక్కణ్ణుంచి లెక్కపెట్టండి."

రెండేళ్ళు విన్నా అది తలకెక్కలేదు. మూడో ఏడు ఒక ఉదయం హాస్టలు వెనక మెట్లబావిలో నీళ్ళు ముంచుకుని పైకి వస్తుంటే కృపమ్మ ఉన్నట్టుండి ఆగిపోయింది. నీళ్ళ మట్టం నుంచి ఇరవై మెట్లెక్కింది. ఇంకో ఇరవై ఎక్కితే రెండింతలు ఎక్కినట్టే. కాని అది నీళ్ళ దగ్గర మొదలుపెట్టి లెక్కపెట్టేవాళ్ళకు. మెట్లు నీళ్ళ కింద కూడా ఉన్నాయి. బావి అడుగు నుంచి లెక్కపెడితే ఆ ఇరవై మెట్లు ఏపాటి! బిందె చంకలో ఉండగానే పకపకా నవ్వింది. పక్కనున్న వంటమనిషి ఏమైందని అడిగితే చెప్పబోయింది కాని, మాటలు దొరకలేదు.

ఆ తరువాత ప్రతి ఏడూ ఆ పాఠం కోసం ఎదురు చూసేది. ఒక ఏడు బాలమణి అనే పిల్లను టీచరు నిలబెట్టి అదే ప్రశ్న అడిగితే, పాపం ఆ పిల్ల నోరు పెగలక ఏడుపు మొహం పెట్టింది. కృపమ్మ ఆగలేకపోయింది.

"రెండువందల తొంభైమూడు, మూడువందల పదమూడు అయితదమ్మా. పెరిగేది నూటికి ఏడు పాళ్ళు గూడ నిండది."

పిల్లలు గుమ్మం వైపు తిరిగి గొల్లున నవ్వారు. టీచరు నవ్వలేదు. "చూశారా, మన కృపమ్మకు కూడా తెలుసు. మీకు సిగ్గుండాలి," అంది. ఆ 'కూడా' అనే మాట కృపమ్మకు చాలా ఏళ్ళు గుర్తుంది. పిల్లల్ని కొట్టడానికి బెత్తం అందుబాటులో లేక తనను అందుకున్నట్టయింది.

అయినా ఆ సాయంత్రమే ధైర్యం చేసి టీచరుని అడిగింది.

"అమ్మా, నేను గూడ పరీక్ష రాస్త. జర మీరు చెప్పిస్తే..."

"ఏ పరీక్ష?"

"గీ పిల్లలు రాసేదే."

ఎలీషమ్మ టీచరు చెడ్డమనిషి కాదు. ఆలోచించే చెప్పింది. "ముప్పైకి దగ్గర పడుతున్నావు కృపమ్మా. ఇంగ్లీషు రాదు. మధ్యలో ఎన్ని తరగతులు పోయాయి? ఉన్న పని చక్కగా చేసుకుంటున్నావు. ఇప్పుడు నీకెందుకమ్మా ఇదంతా?"

కృపమ్మ మళ్ళీ అడగలేదు.

1942లో యుద్ధం పేరు చెప్పి బడి భవనాన్ని పట్టాలంవాళ్ళు తీసుకున్నారు. పై తరగతుల్ని వేరే చోటికి మార్చారు. అక్కడ సైన్సు గదికి చోటు లేదు, ఆయాకీ లేదు. వెళ్ళిపోయే రోజున టీచరు ఆమె చేతిలో ఒక థర్మామీటరు పెట్టింది. చెక్క పెట్టె పగిలిందని లెక్కలోంచి తీసేసినదది. పదకొండేళ్ళ పనికి కృపమ్మ వెంట తెచ్చుకున్నది అదొక్కటే.

మార్తమ్మ అక్కకంటే ఎనిమిదేళ్ళు చిన్న. భర్త సాలోమోను మేడ్చల్ స్టేషన్లో వ్యాగన్లకు బస్తాలు ఎత్తేవాడు. స్టేషను వెనక రెండు నిట్రాళ్ళ గుడిసె వాళ్ళది. కృపమ్మ మూట పట్టుకుని వస్తే మార్తమ్మ ఎదురొచ్చి ఆ మూట అందుకుంది. "మంచిగైంది. ఇగ ఇద్దరం ఒక్కతాన్నే ఉందం," అంది. వారం తిరక్కుండా తాను పనిచేసే సోడా కంపెనీలోనే అక్కకు కూడా పని ఇప్పించింది.

కంపెనీ అంటే పెద్ద కొట్టం. ఒక పక్క గోలీసోడా మిషను. పట్నం నుంచి రైల్లో వచ్చే ఇనప సిలిండరులో గ్యాసుండేది. దాన్ని మిషనుకు తగిలించి గండయ్య అనే బలమైన మనిషి చక్రం తిప్పుతుంటే, గ్యాసు నీళ్ళలోకి దూరి సీసాల్లోకి ఎక్కేది. సీసా మెడలో గోలీ టక్కున బిగుసుకునేది. మిషను మీద ముల్లున్న గుండ్రటి బిళ్ళను అందరూ గడియారం అనేవాళ్ళు. అది గడియారం కాదని, లోపల గ్యాసు ఎంత జోరుగా తోస్తున్నదో చెప్పేదని కృపమ్మ వచ్చిన రోజే పోల్చుకుంది. ముల్లు సాధారణంగా ఎనభై దగ్గర నిలిచేది. నింపిన సీసాల్ని పక్కనున్న రేకుల షెడ్డులో పెట్టేవాళ్ళు. అక్కడ మార్తమ్మ, జంగమ్మ, ఇంకో నలుగురు ఆడవాళ్ళు కూర్చుని సీసాలు తుడిచి, కాగితాలు అంటించి, గడ్డి పరిచిన పెట్టెల్లో సర్దేవాళ్ళు.

మరుసటి ఏడు, అంటే 1943లో, బొల్లారం పట్టాలం క్యాంటీన్ల నుంచి సోడాకు గిరాకీ పెరిగింది. యుద్ధం వల్ల కొత్త సీసాలు రావడం లేదు. పాతవే తిరిగి తిరిగి వచ్చేవి, గీతలు పడి, మెడల దగ్గర పెచ్చులూడి. మే నెల ఎండకు షెడ్డు రేకులు ముట్టుకుంటే చెయ్యి బొబ్బలెక్కేది. రోజుకొకటో రెండో సీసాలు వాటంతటవే టప్పున పగలడం మొదలైంది. ఒకనాడు జంగమ్మ మోకాలికి గాజుపెచ్చు గుచ్చుకుంది. మరునాడు ఆడవాళ్ళు ఆరుగురూ షెడ్డు బయటే నిలబడ్డారు.

"మేం లోపటికి పోం సేటూ. గవ్వి పేల్తున్నయి," అంది జంగమ్మ.

వెంకటనర్సయ్య సేటు కోప్పడ్డాడు, బతిమాలాడు. సాయంత్రం బండికి నూరు పెట్టెలు ఎక్కాలి. ఆడవాళ్ళు కదల్లేదు. అప్పుడతనికి కృపమ్మ గుర్తొచ్చింది. సీసాలు కడిగే తొట్టి దగ్గరికి తానే నడిచి వచ్చాడు.

"కృపమ్మా, నువ్వు పట్నంల సైన్సు బడిల చేసినవంట గద. గ్యాసు సంగతి నీకు ఎరుకనంట. గీ ఎండకు సీసలు పేల్తయా, పేలవా? నువ్వే చెప్పు. నువ్వు పేల్తయంటే నేను ఇయ్యాల పని బంద్ పెడ్త."

కృపమ్మ తడిచేతులు కొంగుకు తుడుచుకుంది. ఆ జన్మకు ఆమెను ఎవరైనా ఏదైనా అడిగింది అదే మొదలు. ఆరుగురు ఆడవాళ్ళు, గండయ్య, సేటు, అందరూ ఆమె నోటి వైపే చూస్తున్నారు. మార్తమ్మ ముఖం వెలిగిపోతున్నది, మా అక్క చూడండి అన్నట్టు.

"జర ఆగు సేటూ," అని కృపమ్మ గుడిసెకు పోయి థర్మామీటరు తెచ్చింది. తెల్లవారి సీసాలు నింపే వేళకు కొట్టంలో ఇరవై ఏడు డిగ్రీలు ఉంటుందని ఆమెకు తెలుసు, రోజూ చూసుకునేది. షెడ్డులో వేలాడదీసి చూస్తే మధ్యాహ్నానికి యాభై ఒకటి చూపింది. బొగ్గుముక్క తీసుకుని గోడ మీద లెక్క వేసింది. వాయువు సున్నా నుంచి లెక్కపెడితే పొద్దున మూడువందలు, మధ్యాహ్నం మూడువందల ఇరవైనాలుగు. నూటికి ఎనిమిది పాళ్ళు. బయటి గాలి తోపు కూడా కలిపి చూసినా, పొద్దున ఎనభై ఉన్న ముల్లు మధ్యాహ్నానికి మహా అయితే ఎనభై ఎనిమిదికి వస్తుంది. సీసా నూట యాభై దాకా తట్టుకుంటుందని సీసాలు అమ్మినవాడి కాగితంలో ఉందని సేటే చెప్పాడు.

"పేలవు," అంది కృపమ్మ. "పెరిగేది నూటికి ఎనిమిది పాళ్ళే. పగిలినయి పాత సీసలు, లోపట చీలిక ఉన్నయి. వాటిని ఏరి పక్కకు పెడితే భయం లేదు."

"రెండింతలు వేడి పెరిగినట్టు మండుతాంది గదనే," అంది జంగమ్మ.

కృపమ్మ నవ్వింది. పదకొండేళ్ళ కిందటి పిల్లల జవాబు ఇంకా అలాగే ఉంది. "అందరు గట్లనే అనుకుంటరు. గ్యాసుకు మన సున్నాతోని పని లేదు."

జంగమ్మకు ఏమీ అర్థం కాలేదు. మార్తమ్మకూ కాలేదు. కాని మార్తమ్మ అందరికంటే ముందు లోపలికి పోయి కూర్చుంది. "మా అక్క చెప్పినంక ఇంకేంది? రారిగ," అంది. మిగతావాళ్ళు ఒకరి వెనక ఒకరు వచ్చారు.

మూడు రోజులు ఏమీ కాలేదు. కృపమ్మ స్వయంగా సీసాలు వెలుతురుకు పట్టి చూసి, చీలికలున్నవి ఏరి పారేసింది. గండయ్య ఆమెను 'సైన్సమ్మా' అని పిలవడం మొదలుపెట్టాడు. అది వెక్కిరింపు కాదని తెలిసి ఆమె లోపల్లోపల మురిసిపోయింది.

నాలుగో రోజు మధ్యాహ్నం, అన్నాలు తిని ఆడవాళ్ళు మళ్ళీ పనిలో కూర్చున్న కాసేపటికి, షెడ్డులో ఒక సీసా పేలింది. దాని దెబ్బకు పక్కది, దాని దెబ్బకు ఇంకోటి. పెట్టె పెట్టెంతా టపటపా పేలిపోయింది. కృపమ్మ తొట్టి వదిలి పరుగెత్తేసరికి ఆడవాళ్ళు బయటికి వచ్చి పడుతున్నారు. మార్తమ్మ రాలేదు. లోపల మోకాళ్ళ మీద కూర్చుని రెండు చేతులతో ముఖం మూసుకుని ఉంది. వేళ్ళ సందుల్లోంచి నెత్తురు, సోడానీళ్ళు కలిసి కారుతున్నాయి. ఏడవడం లేదు. "అక్కా, నాకేమైంది? నాకేమైందక్కా?" అని మెల్లగా అడుగుతున్నది.

గండయ్య ఆమెను భుజం మీద వేసుకుని స్టేషనుకు పరుగెత్తాడు. గూడ్సు బండి గార్డు కాళ్ళు పట్టుకుంటే బొల్లారం దాకా ఎక్కించుకున్నాడు. దవాఖానాలో డాక్టరు కన్ను తీసెయ్యక తప్పదన్నాడు. లేకపోతే రెండోదానికీ మోసమన్నాడు.

మూడోనాడు విచారణకు పోలీసు అమీన్ సాబు వచ్చాడు. సేటు అతనికి కుర్చీ వేయించి, గోడ మీది బొగ్గురాతలు చూపించాడు.

"నేను అంగడి మనిషిని హుజూర్. నాకు గ్యాసు సంగతి ఏం ఎరుక? పట్నం బడిల పదకొండేండ్లు చేసిన మనిషిని అడిగిన. పేలవని అందరి ముంగట ఆమెనే చెప్పింది. అడుగుండ్రి."

అమీను అడిగాడు. కృపమ్మ "చెప్పిన" అంది. గుమాస్తా ఉర్దూలో ఏదో రాసుకుని వేలిముద్ర వెయ్యమన్నాడు. తనకు సంతకం వచ్చని కృపమ్మ చెప్పింది. తెలుగు సంతకం నడవదన్నాడతను. ఆమె బొటనవేలు సిరాలో అద్ది నొక్కింది. ఏం రాశారో ఎవరూ చదివి వినిపించలేదు. అమీన్ సాబు సోడా తాగి వెళ్ళిపోయాడు. సేటు మీద ఏమీ రాలేదు, కృపమ్మ మీద కూడా ఏమీ రాలేదు. ఎవరి మీదా ఏమీ రాకుండా మార్తమ్మ కన్ను మాత్రం పోయింది.

కృపమ్మ ఆ లెక్కను మళ్ళీ మళ్ళీ వేసి చూసింది. ఎక్కడా తప్పు లేదు. మూడువందలు, మూడువందల ఇరవైనాలుగు. ఎన్నిసార్లు వేసినా నూటికి ఎనిమిదే. లెక్క సరిగ్గా ఉంటే సీసా ఎందుకు పేలింది?

షెడ్డు మూలలో పగలకుండా మిగిలిన సీసా ఒకటి ఎండలో కాగి ఉంది. ఇంకొకటి తెల్లవారి నుంచీ నీళ్ళ తొట్టిలో మునిగి చల్లగా ఉంది. ఒకే పొద్దున ఒకే ముల్లు దగ్గర నింపినవి రెండూ. చల్లటిదాని గోలీ లోపలికి నొక్కింది. బుస్సుమని ఊరుకుంది. కాగినదాన్ని గుడ్డ చుట్టి దూరంగా పట్టుకుని నొక్కింది. నురగ ఒక్కసారిగా పొంగి పైకి తన్నింది. సీసా ముప్పాతిక ఖాళీ అయిపోయింది. మెడలో ఇరుక్కున్న ఆ కాసింత గాలికి ఇంత బలం ఎక్కడిది?

నీళ్ళలోంచి. గ్యాసు నీళ్ళలో దాగి ఉంది. వేడికి నీళ్ళు దాన్ని పట్టుకోలేక పైకి వదిలేస్తున్నాయి. మెడలోని చోటు అంతే ఉంది, అందులోకి వచ్చి చేరే గ్యాసు మాత్రం పెరుగుతూ పోతున్నది. ఆమె లెక్కవేసింది ఇరుక్కున్న గ్యాసుకు. సీసాలో ఉన్నది కొత్తగా వచ్చి పడుతున్న గ్యాసు.

అది నిజమో కాదో చెప్పగలిగింది ఒక్కరే. ఆదివారం పొద్దున్నే రైలెక్కి సికిందరాబాదుకు పోయి, మారేడుపల్లిలో ఎలీషమ్మ టీచరు ఇల్లు వెతికి పట్టుకుంది. టీచరు అప్పుడే చర్చి నుంచి వచ్చింది. కుర్చీలో కూర్చుని జరిగిందంతా వింది.

"నువ్వు అనుకున్నది నిజమే," అంది. "వాయువు మోతాదు మారనప్పుడే ఆ సూత్రం. మారితే పనికిరాదు. నీళ్ళలో కరిగిన వాయువు వేడికి బయటికి వస్తుంది. యాభై డిగ్రీలకు సీసాలో ఒత్తిడి ఇంచుమించు రెండింతలవుతుంది."

"రెండింతలు," అంది కృపమ్మ. జంగమ్మ అన్నదీ అదే.

"సోడాసీసా సంగతి నేను ఏటా చెప్తానే! ఈ సూత్రం ఎక్కడ పనికిరాదో చెప్పి, సోడాసీసాతోనే పాఠం ముగిస్తాను. ఇన్నేళ్ళు అక్కడే కూర్చున్నావు, వినలేదా?"

"ఎప్పుడు చెప్తుంటిరమ్మా?"

"పాఠం చివర. ఆఖరి అయిదు నిమిషాలు."

కృపమ్మ నేల వైపు చూస్తూ అంది: "గప్పుడు నేను గంట కొట్టనీకి పోతుంటి."

టీచరు కుర్చీ చేతుల్ని గట్టిగా పట్టుకుంది. అనకూడని మాటే అంది. "ముందే నన్ను అడిగి ఉండాల్సింది కృపమ్మా."

"అడిగిన గదమ్మా. పరీక్ష రాస్తనని అడిగిన. ఇప్పుడెందుకంటిరి."

టీచరు కాఫీ తాగి వెళ్ళమంది. కృపమ్మ తాగకుండానే వచ్చేసింది.

సోమవారం ఆమె సేటు దగ్గరికి పోయి, తాను చెప్పింది తప్పని చెప్పింది. ఎందుకు తప్పో కూడా చెప్పింది. రేకుల మీద తాటాకు కప్పాలి. సీసాల పెట్టెల మీద తడి గోనెలు వెయ్యాలి. మిట్టమధ్యాహ్నం ఎవరూ షెడ్డులో కూర్చోకూడదు. ఎండాకాలం ముల్లు యాభై దాటనివ్వకూడదు. మనుషులకూ సీసాలకూ మధ్య జాలీ తెర ఉండాలి. సేటు అంతా ఒప్పుకున్నాడు. అతను తెలివైనవాడు. ఒకసారి తప్పు చెప్పిన మనిషి రెండోసారి ఒళ్ళు దగ్గర పెట్టుకుని చెప్తుందని అతనికి తెలుసు.

"నువ్వు మిషను కాడనే ఉండు ఇగ. సీసలు కడుగుడు బంద్. ముల్లు నువ్వే చూడు," అన్నాడు.

"మార్తమ్మ లేచినంక పనికి వస్తది సేటూ."

సేటు తల గోక్కున్నాడు. "ఆమె వద్దులే కృపమ్మా. పొద్దుగాల్నే బండ్లోళ్ళు వస్తరు, పట్టాలం సాబులు వస్తరు. ఒంటికన్ను ముఖం ఎదురైతే మంచిగుండది. నువ్వయితే ఉండు."

కృపమ్మకు ఆ క్షణంలోనే నడిచి వచ్చేయాలనిపించింది. వచ్చేదే. కాని జంగమ్మా మిగతావాళ్ళూ ఇంటికి పోలేదు. తడి గోనెలు పరిచి, పెట్టెల ముందు కూర్చున్నారు. తాను పోతే ముల్లు ఎవరు చూస్తారు? గండయ్యకు యాభైకి, ఎనభైకి తేడా తెలియదు. సేటుకు తెలిసినా, గిరాకీ రోజున గుర్తుండదు. కృపమ్మ పోయి మిషను పక్కన నిలబడింది.

సేటు తనను వద్దన్నాడని, అక్క మాత్రం మిషను దగ్గరే ఉండిపోయిందని దవాఖానా నుంచి వచ్చిన మార్తమ్మకు సాలోమోనే చెప్పాడు. మార్తమ్మ నాలుగు రోజులకు గిన్నెలు, చాపలు మూటగట్టింది. "నాయిన ఇంటికి పోతం," అంది మొగుడితో. లచ్చయ్య అప్పటికే ముసలివాడై ఒంటరిగా ఉన్నాడు. ఇద్దరూ శామీర్‌పేటకు వెళ్ళిపోయారు. వెళ్ళేటప్పుడు కృపమ్మ కంపెనీలో ఉంది. తిరిగి వచ్చేసరికి గుడిసెలో తన బిందె, తన చాప, థర్మామీటరు మాత్రమే ఉన్నాయి.

అయిదేళ్ళు ఆమె ఆ మిషను దగ్గర నిలబడింది. ఆ అయిదేళ్ళలో ఒక్క మనిషికి గాజుపెచ్చు తగల్లేదు. ముల్లు పెంచమని సేటు అరిచిన రోజులున్నాయి. ఆమె సిలిండరు మర మీద చెయ్యి తియ్యకుండా, "నువ్వొచ్చి షెడ్ల కూసో సేటూ, పెంచుత," అనేది. సేటు గొణుక్కుంటూ వెళ్ళిపోయేవాడు. ఆమెను ఇప్పుడు ఎవరూ సైన్సమ్మా అనడం లేదు. మిషను పక్కన నిలబడ్డ మనిషిని ఎవరూ పట్టించుకోలేదు. ప్రమాదం జరగనన్నాళ్ళూ, దాన్ని జరగకుండా ఆపుతున్నవాళ్ళు ఎవరికీ కనబడరు కదా.

నెలకోసారి ఆమె మేడ్చల్ నుంచి శామీర్‌పేటకు నడిచి పోయేది. బియ్యమో బెల్లమో పట్టుకుపోయేది. తండ్రి మాట్లాడేవాడు, సాలోమోను మాట్లాడేవాడు. మార్తమ్మ అన్నం పెట్టేది. "అన్నమేసుకో," "నీళ్ళు తాగు" ఈ రెండు మాటలే. తండ్రి చనిపోయినప్పుడు కూడా అక్కచెల్లెళ్ళు పక్కపక్కన కూర్చుని విడివిడిగా ఏడ్చారు.

1948లో ఊళ్ళన్నీ పరేషాన్ అయ్యాయి. రజాకార్ల భయానికి జనం ఊళ్ళు వదిలి పారిపోతున్నారు. రైళ్ళు ఆగిపోయాయి, సిలిండర్లు రావడం మానేశాయి. సేటు మిషనుకు గోనెపట్టా కప్పి, కొట్టానికి తాళం వేసి పట్నం పోయాడు. పోతూ ఎవరికీ ఏమీ చెప్పలేదు. కృపమ్మ రెండు నెలలు చూసి, మూట కట్టుకుని శామీర్‌పేట దారి పట్టింది.

మార్తమ్మ వాకిట్లో ఈతచాప అల్లుతున్నది. అక్కను, మూటను చూసింది. రమ్మనలేదు, పొమ్మనలేదు. కృపమ్మ మూట అరుగు మీద పెట్టి, ఎదురుగా కూర్చుని ఈతాకులు చీల్చి అందివ్వడం మొదలుపెట్టింది. జానెడు చాప అల్లిన తరువాత కృపమ్మ, అయిదేళ్ళుగా నోట్లో నానుతున్న మాట బయటపెట్టింది.

"నాకు తెల్వక చెప్పిన చెల్లే. పాఠం ఆఖరుకు నేను గంట కొట్టనీకి పోయేదాన్ని. గా ముక్క నా చెవిన పడలె."

మార్తమ్మ చేతులు ఆగలేదు.

"తెల్వక చెప్పినవంటే నేనెందుకు అంటక్కా? అన్ని ఎవరికి ఎరుక? గంతమంది ముంగట సేటొచ్చి నిన్ను అడిగిండని సంబురపడ్డవ్ జూడు... గా సంబురం నేను జూసిన. నీ మొగడు సచ్చినకాడికెంచి నీ ముఖంల గసొంటి వెలుగు నేను ఎన్నడు జూడలె. గది పోగొట్టొద్దని అందరికన్న ముందు పోయి కూసున్న. నాకు గూడ భయమే ఉండె."

కృపమ్మ చేతిలోని ఈతాకు చేతిలోనే ఉండిపోయింది.

"గా పోయిన కన్నుతోటే జూసిన," అంది మార్తమ్మ. ఇంకో ఆకు కోసం చెయ్యి చాచింది.

కృపమ్మ ఆకు అందించింది. అక్కడే ఉండిపోయింది, ఆ రోజూ, ఆ తరువాత కూడా. పొలం పనులకు ఇద్దరూ కలిసే పోయేవాళ్ళు. అక్క క్షమాపణ అడగలేదు, చెల్లెలు క్షమించానని చెప్పలేదు. ఆ మాట వాళ్ళ మధ్య మళ్ళీ రాలేదు.

ఆమె మూటతో వచ్చిన ఆ సాయంత్రం సాలోమోను చెరువు వైపు నుంచి వచ్చి, వదినను చూసి, "ఎప్పుడొచ్చినవ్ వదినా?" అని, తిననీకి ఏమన్నా ఉందా అని అడిగాడు. మార్తమ్మ చాప వదల్లేదు. కృపమ్మ లేచి పొయ్యి ముట్టించింది.